రెండు వేళ్ల నుదురు

నాలుగో తరగతిలో నేను బడి మానేశానని ఇంట్లో చెప్పుకునేవారు. నిజానికి బడే నన్ను మానేసింది. ఆ చదువుతోనే డెబ్బైల్లో బెంగళూరులో ఒక పెద్దాసుపత్రిలో దూరాను, ఆపరేషన్‌కు ముందు రోగులకు గడ్డాలూ తలలూ గొరగడానికి. తెల్లకోటు చూసి కొత్తవాళ్లు నన్నే డాక్టరనుకుని దండం పెట్టేవారు. నేనూ కాదనేవాణ్ణి కాదు.

మా వార్డు డాక్టరు చెడిపోయిన ముఖాలను తిరిగి కట్టేవాడు. ఆయన దగ్గరికి ఒక జట్కా అతను వచ్చాడు. మేత పెడుతుంటే అతని గుర్రమే ముక్కు సగం కొరికేసింది. ఆ ముఖం చూసి జనం పక్క బండి ఎక్కేస్తున్నారట. ముక్కు రాకపోతే బండి అమ్ముకోవాల్సిందేనని అతని భార్య కనబడిన వాళ్లందరికీ చెప్పుకునేది.

డాక్టరు నుదుటి చర్మాన్ని ముక్కు ఆకారంలో కోసి, కనుబొమ దగ్గర కాడలా కొంత చర్మం తెగకుండా ఉంచి, కిందికి తిప్పి కుడతాడు. నుదుటి పైఅంచు ముక్కు కొస అవుతుంది. మూడు వారాలాగి, ముక్కు అతుక్కున్నాక ఆ కాడ కోస్తాడు.

ఆ రోజు పొద్దున నర్సు నుదుటి పైన కొంచెం గొరగమంది. కొంచెం అనేది నా చేతికి రాదు. పటిక రుద్ది మరీ, నుదురెక్కడ ఆగిందో తలెక్కడ మొదలైందో తెలియనంత నున్నగా చేశాను.

డాక్టరు అతన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, గుడ్డలో కత్తిరించిన ముక్కు నమూనాను నుదుటి మీద తలకిందులుగా పెట్టి, ఊదారంగు సిరాతో గీయసాగాడు. "మంచి వెడల్పు నుదురు" అని మెచ్చుకున్నాడు కూడా. అతనిది రెండు వేళ్ల నుదురు. మిగతాదంతా నా పనితనం! చెబితే నా ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే అతని ముక్కు మీద జుట్టు మొలుస్తుంది.

"సార్, ఆ గీత జుట్టులో ఉండాది."

"జుట్టు యాడుండాదప్పా?"

"పొద్దున దాకా ఉండె సార్. నేనే గొరిగేసినా."

డాక్టరు నా వైపు చూశాడు. జట్కా అతను అంతకన్నా గట్టిగా చూశాడు.

"అంటే నా ముక్కు మీద మీసం మొలుస్తాదా?"

"మొలిస్తే వారానికోసారి వచ్చి నేనే గొరుగుతాలేప్పా."

డాక్టరుకు నవ్వు రాలేదు. జుట్టు ఎందాక ఉండేదో వేలితో చూపించమన్నాడు. చూపించాను. గీతలన్నీ స్పిరిట్‌తో తుడిచి, ముక్కగుడ్డలో రవిక తీసే దర్జీలా నమూనాను అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి ఏటవాలుగా పెట్టి ఉన్న నుదుటిలోనే ముక్కు ఇమిడ్చాడు.

"ఇకమీద నేను గీసినంకనే నువ్వు గొరుగు" అన్నాడు. ఉద్యోగం నిలిచింది.

కాడ కోశాక, వాపు తగ్గిన కొన్నాళ్లకు జట్కా అతను నిండు ముక్కుతో, భార్యతో వచ్చాడు. బండి మళ్లీ నిండుతోందట. ఆమె డాక్టరుకు మల్లెదండ వేసింది. నేను ఊరుకుంటానా?

"నాకేదక్కా దండ? ఆ ముక్కు చెడకుండా ఆపింది నేనే గదా!"

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి అంది:

"మా గుర్రం గూడా సగం ముక్కుకే ఆపిందన్నా. దానికీ వేయమంటావా దండ?"