రాగి బిందె, ఉప్పునీటి తొట్టె

పోయిన నెలలో మా మామ చనిపోయాడు. నిద్రలోనే. పొద్దున్నే మణుగూరు నుంచి అత్త ఫోన్ చేసి, "మీ మామ లేస్తలేడు బిడ్డా, జల్దీ రా" అంది. లేస్తలేడు అంటే ఏమిటో ఆమె గొంతే చెప్పింది. ఖమ్మంలో దొరికిన మొదటి బస్సెక్కాను. కొత్తగూడెం దాకా ఏడుస్తూనే ఉన్నాను. ఆ తర్వాత అడవి మొదలైంది. కిటికీలోంచి టేకు చెట్లను చూస్తుంటే ఏడుపు మధ్యలో ఒక పిచ్చి దిగులు పట్టుకుంది. రేపటి నుంచి అత్త రాగి బిందెలో నీళ్లు ఎవరు తాగుతారు? మిగిలిపోతే ఆమె వాటిని ఎక్కడ పోస్తుంది?

మనిషి పోతే ఆలోచించేది ఇదా అని మీరు అనుకోవచ్చు. కానీ ఆ నీళ్లు పడకూడని చోట పడితే మామ ఏళ్ల తరబడి సాకిందంతా చచ్చిపోతుంది. అట్లా జరగకూడదంటే అత్తకు నేనొక సంగతి చెప్పాలి. ఆ సంగతి ఎన్నడూ చెప్పనని మామకు మాటిచ్చి ఉన్నాను.

మామ మా అమ్మకు తమ్ముడు. మణుగూరు దగ్గర ఒక ప్లాంట్‌లో నీళ్లు పరీక్షించే కెమిస్ట్‌గా పనిచేశాడు. నీళ్లలో ఉండకూడనిది ఏముందో కనిపెట్టి తీసేయించడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక మాత్రం అంతే శుద్ధమైన నీళ్లు పట్టి, వాటిలో చేతులారా ఉప్పు కలిపేవాడు. ఈ బొగ్గు గనుల ఊళ్లో, చుట్టూ అడవి పెట్టుకుని, ఆయనకు హాల్లో సముద్రం కావాల్సి వచ్చింది.

ఆ పిచ్చి చెన్నైలో అంటుకుంది. ఏదో ట్రైనింగ్‌కని వెళ్లి, అక్కడ ఒకాయన ఇంట్లో ఉప్పునీటి తొట్టెలో బతికున్న పగడాలను చూశాడు. సముద్రంలోంచి పెరికి తెచ్చినవి కాదు, ఇంట్లోనే ముక్కలు చేసి పెంచినవి. తిరిగొచ్చేటప్పుడు సముద్రపు ఉప్పు సంచి మోసుకొచ్చాడు. దేవుడి పటాలకు అద్దాలు బిగించే మనిషితో గాజు తొట్టె కట్టించాడు. అది మొదటి రోజే కారి హాలంతా తడిపేసింది. రెండోది నిలిచింది. అందులో ఉప్పునీళ్లు, రాళ్లు వేసి ఆ నీళ్లు చేపలు బతికేలా తయారయ్యేదాకా నెలల కొద్దీ ఊరికే చూస్తూ కూర్చున్నాడు. చూడటానికి వచ్చినవాళ్లు చేపలేవి సార్ అని అడిగితే, "నీళ్లు ఇంక పండలే" అనేవాడు. వాళ్లు అత్త వైపు జాలిగా చూసి వెళ్లిపోయేవాళ్లు.

నేను అప్పట్లో మణుగూరు స్కూల్లో లెక్కలు చెబుతూ వాళ్లింట్లోనే ఉండేదాన్ని. వాళ్లకు పిల్లలు లేరు. అందుకని మామ తొట్టె మీద పెట్టే గారాబంలో కొంత నా వాటాకు కూడా వచ్చేది. నీళ్లు పండాక నారింజ రంగు మీద తెల్ల చారల చేపలు రెండు వచ్చాయి. తర్వాత రొయ్యలు, నత్తలు, ఆ తర్వాత పగడాలు. చొక్కా గుండీలంత పగడాలు రాయి నిండా గుత్తులుగా ఉండేవి. లైటు వేస్తే విచ్చుకునేవి, నీడ పడితే ముడుచుకునేవి.

మొదట్లో తెచ్చిన పగడాలను మామే చంపాడు. ఆ మాట ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. ప్లాంట్‌లో నీళ్ల అంకె గీత దాటితే డ్యూటీ దిగేలోపు సరిచేయాలి. ఆయన ఇంట్లోనూ అదే చేశాడు. పొద్దున పరీక్ష చేస్తే నీళ్లలో క్షారం తక్కువగా కనిపించేది, వెంటనే మందు కలిపేవాడు. సాయంత్రానికి అది ఎక్కువయ్యేది, మళ్లీ ఇంకేదో కలిపేవాడు. చీకట్లో తగ్గడం, వెలుతుర్లో పెరగడం ఆ తొట్టెకు రోజూ ఉండే మామూలు సంగతని తెలిసేసరికి పగడాలు బూడిద రంగుకు తిరిగాయి. "మిషన్ అనుకున్న బిడ్డా. పాణమున్నదని యాది మర్చిన" అన్నాడు నాతో. ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

అప్పటి నుంచి ఆయన చేతికి నిదానం వచ్చింది. పరీక్ష చేసినా వెంటనే ఏమీ కలిపేవాడు కాదు. "ఇయ్యాల్టి అంకె చూసి ఆగం గావద్దు. అది యే దిక్కు పోతుందో చూడు" అనేవాడు. క్లాసులో పిల్లల మార్కులు చూసి నేను ఆగమైనప్పుడు కూడా ఇదే మాట నా మీద ప్రయోగించేవాడు. అప్పుడు చిరాకు వేసేది. ఇప్పుడు నేనూ అదే అంటున్నాను.

పగడాలకు సున్నం కావాలి. కావాల్సిన డబ్బాలు చెన్నై నుంచి ఎప్పుడొస్తాయో తెలియదు కాబట్టి మామ తన దారి తాను చూసుకున్నాడు. భద్రాచలంలో ఒక పాన్ డబ్బా దగ్గర గుల్ల సున్నం కొనేవాడు. ఒకసారి నేనూ పక్కనే ఉన్నాను.

"ఇంత సున్నం ఏం జేస్తరు సార్? ఆకులన్న తీస్కపోరు, వక్కలన్న తీస్కపోరు" అన్నాడు పాన్ డబ్బా అతను.

"ఇంట్ల పగడాలున్నయ్. అయి తింటయ్" అన్నాడు మామ, ముఖంలో నవ్వు లేకుండా.

అతను నా వైపు చూశాడు. నేను తల పక్కకు తిప్పుకున్నాను.

ఆ సున్నాన్ని శుద్ధమైన నీళ్లలో కలిపి, మడ్డి అడుక్కి దిగేదాకా ఉంచి, పైన తేరిన నీటిని మాత్రమే తీసేవాడు. మందుల షాపులో కొన్న సెలైన్ గొట్టంతో చుక్క చుక్కగా తొట్టెలోకి వదిలేవాడు. అత్త చుట్టాలందరికీ, "మా ఆయన చేపలకు సెలైన్ ఎక్కిస్తుండు" అని చెప్పేది. క్షారం తగ్గితే వంటింట్లో బజ్జీల సోడా డబ్బా మాయమయ్యేది. ఎండాకాలం తొట్టె నీళ్లు కాగిపోకుండా ఐసు గడ్డకట్టిన సీసాలు తేలేలా వేసేవాడు. వాటితో ఫ్రిజ్ నిండిపోయి దోసెల పిండికి చోటు ఉండేది కాదు. అత్త తిట్టేది. తిడుతూనే పాత సీసాలు కడిగి నీళ్లు నింపి పెట్టేది.

ఆ ఇంట్లో మామ ఒక్క నియమం మాత్రం ఎవరినీ మీరనిచ్చేవాడు కాదు. తొట్టెలో నీళ్లు రోజూ ఆవిరైపోతాయి. గాజు మీద గీసిన గీత దాకా మళ్లీ నింపాలి. నింపేది ఉప్పు కలపని నీళ్లు, అదీ శుద్ధి మిషన్‌లో పట్టి తెల్ల డబ్బాల్లో ఉంచినవి. "ఆవిరైంది నీళ్లు, ఉప్పు గాదు. నీళ్లే పోయాలె" అనేవాడు. నల్లా నీళ్లు వద్దు, బ్లీచింగ్ వాసన. బోరు నీళ్లు వద్దు, గిన్నెలకు తెల్లగా పట్టేది అదే.

అత్తకు ఇంకో రకం నీళ్ల మీద నమ్మకం. చిన్న రాగి బిందెను చింతపండుతో తళతళలాడేలా తోమి, నీళ్లు వడగట్టి పోసి, తెల్లారాక తాగేది. మామ ఆ నీళ్లు ముట్టేవాడు కాదు. "నోట్లె పైస పెట్టుకున్నట్టుంటది" అని మూతి తిప్పుకునేవాడు. పెళ్లైన కొత్త నుంచీ ఇదే తంతు.

అట్లా ఉండగా ఒక ఎండాకాలం మామకు గుండెలో నొప్పి వచ్చింది. ఖమ్మం డాక్టర్లు చూసి హైదరాబాద్ పొమ్మన్నారు. అత్త చీరలు సర్దుకుంటుంటే మామ అడ్డం పడ్డాడు.

"నువ్వు గూడ వస్తే తొట్టె ఏం గావాలె? పరీక్షలే గద. రెండు రోజుల్ల వస్తం."

"నా కంటె నీకు గా తొట్టెనే ఎక్కువాయె" అంది అత్త. చీరలు మళ్లీ బీరువాలో పెట్టేసింది.

మా నాయనా నేనూ మామ వెంట వెళ్లాం. పరీక్షల్లో రక్తనాళాలు పూడుకున్నాయని తేలింది. ఆపరేషన్ అన్నారు. రెండు రోజులని వెళ్లినవాళ్లం వారాలుండిపోయాం. అత్త వస్తానన్న ప్రతిసారీ మామ వద్దన్నాడు. దవాఖానాలో మంచం మీద నుంచే రోజూ ఫోన్ చేసేవాడు.

"నీళ్లు పోసినవా?"

"పోసిన."

"గీత దాక పోసినవా?"

"పోసిన అంటి గద. నీ పాణం ఎట్లుంది, గది చెప్పు."

మేము ఇల్లు చేరిన రోజు మామ చెప్పులు కూడా విప్పకుండా తొట్టె దగ్గరికి వెళ్లాడు. రొయ్యలు లేవు. నత్తలు రాళ్ల మీద నుంచి రాలి ఇసుకలో వెల్లకిలా పడున్నాయి. పగడాలు ముడుచుకుని ఎండు ద్రాక్షల్లా ఉన్నాయి. చేపలు రెండూ మాత్రం తిండి కోసం పైకి ఈదుకొచ్చాయి.

"చేపలు మంచిగున్నయ్, చూడు" అంది అత్త. ఆమె ముఖం సంతోషంగా ఉంది. "గాలివానకు స్తంభాలు పడ్డయ్. కరెంటు గింతసేపు వచ్చుడు, పోవుడు. నీ మిషన్ నడవలే. డబ్బాలు ఖాళీ అయినయ్. నల్లా నీళ్లు వద్దంటివి, బోరు నీళ్లు వద్దంటివి. ఏం జెయ్యాలె? నా బిందె మంచిగ తోమి, నీళ్లు వడగట్టి, తెల్లారినంక పోసిన. నేను తాగే నీళ్లే. గాలి పంపు బ్యాటరీ అయిపోతే గరిటెతోని కలియబెట్టుకుంట కూసున్న. ఒక్కరోజు గూడ తప్పలే."

మామ బిందె వైపు చూశాడు. తర్వాత అత్త వైపు చూశాడు. ఆపరేషన్ అయిన మనిషి, ఏమైపోతాడోనని నేను ఆయన పక్కకు జరిగి నిలబడ్డాను.

"అవ్" అన్నాడు చివరికి. "కరెంటు పోతే గిట్లనే అయితది. గాలి అందలే. నువ్వు లేకుంటె చేపలు గూడ దక్కకపోతుండె."

అత్త టీ పెట్టడానికి లోపలికి వెళ్లాక సీసాలో తొట్టె నీళ్లు పట్టి మందు చుక్కలు వేశాడు. రంగు మారింది. నాకు చూపించి మెల్లగా చెప్పాడు. "రాగి. చేపలు తట్టుకుంటయ్. రొయ్యలు, నత్తలు, పగడాలు తట్టుకోవు. చింతపండుతోని తోమితే ఇంక ఎక్కువ దిగుతది."

"అత్తకు చెప్తవా?"

"ఏమని చెప్పాలె? తన చేతుల మీదనే సచ్చినయని చెప్పాల్నా? రోజు ఫోన్ జేసి నీళ్లు పోసినవా అని అడిగిన గాని, ఏ నీళ్లని అడగలే. లాబ్‌ల ఎవడన్న గిట్ల జేస్తే నేనే తిడుతుంటి. నువ్వు గూడ ఎన్నడు చెప్పొద్దు."

సరేనన్నాను. కానీ నాకొకటి అర్థం కాలేదు. చెప్పకపోతే ఆమె మళ్లీ పోస్తే? కరెంటు పోవడం మా దగ్గర కొత్తేమీ కాదు.

దానికి జవాబు మరునాడు పొద్దున దొరికింది. మామ వంటింటి గడపలో నిలబడి, "ఒక గ్లాసు రాగి నీళ్లు ఇయ్యి" అన్నాడు. అత్త చేతిలో గరిటె ఆగిపోయింది.

"డాక్టర్ తాగమన్నడు. రోజు తాగాలెనట. బిందెడు నాకే కావాలె, ఒక్క చుక్క గూడ వేరే దాంట్ల పోయకు."

ఏ డాక్టరూ ఆ మాట అనలేదు. ఆ రోజులన్నీ దవాఖానాలో మామ పక్కన కూర్చున్నది నేనే. మామ గ్లాసు ఎత్తి, కళ్లు మూసుకుని, కషాయం తాగినట్టు తాగాడు. అత్త మురిసిపోయి ఇంకో గ్లాసు పోసింది. ఆయన అదీ తాగాడు. నేను పెరట్లోకి వెళ్లి నవ్వుకున్నాను, ఆ తర్వాత కాసేపు ఏడ్చాను.

తొట్టె నిలదొక్కుకోవడానికి నెలలు పట్టింది. మామ ఒక్కసారిగా నీళ్లన్నీ మార్చలేదు. కొంచెం తీసి కొంచెం పోస్తూ, నీళ్లను శుద్ధి చేసే బొగ్గు సంచి వేలాడదీసి, ఓపిగ్గా రాగిని బయటికి లాగాడు. సగం పగడాలు దక్కాయి. రొయ్యలను మాత్రం మళ్లీ తేలేదు. రాళ్లు పీల్చుకున్న రాగి ఎప్పుడు దిగుతుందో చెప్పలేమన్నాడు. అత్త అడిగితే, "రొయ్యలు పిరం అయినయ్, గంత ధర పెట్టి కొనలేం" అన్నాడు. నేను ఖమ్మంలో ఉద్యోగం దొరికి వచ్చేశాక, ఎప్పుడు వెళ్లినా మామ పొద్దున్నే ఆ గ్లాసు పట్టుకుని కనిపించేవాడు. సాయంత్రానికి బిందె ఖాళీ అయ్యేది. అన్నేళ్లు తాగినా మూతి తిప్పుకోవడం మాత్రం పోలేదు.

ఆ మనిషి ఇప్పుడు లేడు. కర్మలయ్యేదాకా తొట్టె పని నేనే చూసుకున్నాను, అత్తను ఆ దరిదాపులకు రానీయలేదు. చుట్టాలు వెళ్లిపోయారు. నా సెలవులూ అయిపోయాయి. మర్నాడు నేను బస్సెక్కితే ఆమె, ఆ బిందె, ఈ తొట్టె మిగులుతాయి. చెబితే ఈ దుఃఖం మీద ఇంకో దుఃఖం పెట్టినట్టు. చెప్పకపోతే మామ చేసిందంతా వృథా. మధ్యాహ్నం అత్త బిందె తోముతుంటే ధైర్యం చేశాను.

"అత్తా, నీకొక మాట చెప్పాలె."

ఆమె చేతులు కడుక్కుంది. బిందె అక్కడే వదిలేసి, మూలన ఉన్న తెల్ల డబ్బా ఎత్తుకుని తొట్టె దగ్గరికి నడిచింది.

"రాగి నీళ్లు దీనికి పడయ్" అంది, నా వైపు చూడకుండానే.

"నీకు ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్తరు? పెళ్లైనప్పటి సంది ముట్టనోడు, దవాఖాన నుంచి వచ్చి బిందెకు బిందె తాగుతుంటె నాకు తెల్వదా? గా దినమే తెలిసింది. ఒక్క చుక్క గూడ వేరే దాంట్ల పోయకు అన్నడు గద, రొయ్యలు యాదికొచ్చినయ్. పొయ్యి ముంగట కూసోని ఏడ్చిన."

"మరి మామకు ఎందుకు చెప్పలే?"

"చెప్పి ఏం జెయ్యాలె? నా మనసు నొవ్వొద్దని తాగుతుండు. తాగనిచ్చిన." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నా చేతి నీళ్లు తాగబట్టె. గదే సాలనుకున్న."

డబ్బా వంచి సన్నని ధారగా పోసింది. నీళ్లు గీత దాకా వచ్చాక ఆపింది. ఆమె నీడ పడి పగడాలన్నీ ముడుచుకున్నాయి. అత్త పక్కకు జరిగి నిలబడింది. కాసేపటికి అవి ఒక్కొక్కటిగా మళ్లీ విచ్చుకోవడం మొదలుపెట్టాయి. అన్నీ విచ్చుకునేదాకా ఆమె ఆ డబ్బా కింద పెట్టలేదు.