క్యాసెట్ వెనక చెవులు

లాక్‌డౌన్ల మిల్లు బందైంది. సూరత్ పక్కపొంటి సచిన్ అనే ఊర్ల, కిరాయి రూముల ఒక్కన్నే ఉన్న. ఫోన్ల యాప్‌కు పైసలు కట్టి దాచుకున్న పాటలకు గడువు అయిపోయిందని ఇయ్యాల తాళం పడ్డది.

మీకు యాదికున్నదా, క్యాసెట్ వెనక రెండు చిన్న చెవులుంటుండె. అవి విరగ్గొడితె దానిమీద ఇంకోటి రికార్డు కాకపోతుండె.

మా బాపు గిదే సూరత్‌ల బట్ట నేసే సాంచెలు నడుపుతుండె. ఉత్తరం రాయరాదు. తన మాటలు క్యాసెట్ల నింపి, చెవులు విరిచి ఊరికి పంపేటోడు. నేను ఆ సందుల కాగితం కుక్కి, బాపు మాటల మీదనే రేడియో పాటలు ఎక్కించిన.

అమ్మ తిట్టలే. పాటలు అయిపోయేదాక కూసోని ఇన్నది. ఆఖర్న బాపు గొంతు జరంత మిగిలింది: "పైలం బిడ్డా, సూసుకోని ఉండు."

బాపు పోయి ఏండ్లాయె. ఫోన్ తాళం మీద నాకేం కోపం లేదు. బాపు ఏసిన తాళం నేనే తీసిన. ఇప్పుడు ఆ గొంతుతోని పైలం అనెటోళ్లు లేరు.