మగ్గం గుంటలోంచి వచ్చిన జవాబు

దయ్యాల మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా లేదు. నేను లిఫ్టులు బాగుచేసే ఇంజినీరును. లిఫ్టు తలుపు మూసుకోకపోతే లోపం సెన్సర్‌లో ఉండొచ్చు, బెల్టులో ఉండొచ్చు, బోర్డులో ఉండొచ్చు. పైకి కనిపించేది మాత్రం ఒకటే. ఒక్కొక్కటి పరీక్షించి, కానిదాన్ని తీసేస్తూ పోవడమే నా పని. చెల్లెలి విషయంలోనూ అలాగే చేశాను.

మాది వరంగల్ కొత్తవాడ. బాపు, అంటే మా నాన్న, జంపఖానాలు నేసేవాడు. వెనక గదిలో గుంట మగ్గం. గుంటలో కాళ్లు పెట్టి, నేల మీద కూర్చుని నేయాలి.

చెల్లెలు అఖిల తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక అలవాటు మొదలైంది. బడికి బయలుదేరే ముందు ఆ గది గుమ్మంలో నిలబడి "బాపూ, ఉన్నవా?" అనేది.

"ఉన్న బిడ్డా" అనేవాడు బాపు.

చెప్పులు వేసుకుని మళ్లీ వచ్చేది. మళ్లీ అదే ప్రశ్న. మొదట్లో నవ్వుకున్నాం. "ఏడికి పోత బిడ్డా, కాళ్లు గుంటలనే ఉన్నయి గద" అని బాపు ఎగతాళి చేసేవాడు. పోను పోను, బడి గంట దాటిపోయినా ఆమె గుమ్మం వదిలేది కాదు.

నెక్కొండ మేనత్త గాలి సోకిందంది. బడిలో టీచరు చదువంటే భయమన్నారు. మొదట చూపించిన డాక్టరు, పిల్లకు ఏవో గొంతులు వినిపిస్తున్నాయనుకుని మందులు రాశాడు. వాటితో అఖిల పగలంతా నిద్రపోయేది. లేవగానే అదే ప్రశ్న.

హన్మకొండలో పిల్లల మానసిక వైద్యురాలు మాత్రం ఒక్క సంగతి నిదానంగా అడిగింది. "బాపుకు ఏమన్నా అయితదని నీకు ఎవరు చెప్తున్నరు?"

"ఎవ్వరు చెప్తలేరు మేడం. నా మనసే అంటది. ఉత్తదే అని నాకు ఎరుకే. అయినా అడగకపోతే పానం ఆగది."

అది బయటి గొంతు కాదనీ, తన ఆలోచనేననీ పిల్లకు తెలుసు. కాబట్టి ఇది ఓసీడీ, అంటే ఉత్తదని తెలిసినా వదలని ఆలోచనల జబ్బు అని డాక్టరమ్మ వివరించింది. జవాబు చెప్పిన ప్రతిసారీ జబ్బుకు మేత వేసినట్టే, జవాబులు కొద్దికొద్దిగా తగ్గించాలంది. నాకు ఆ మాట వెంటనే నచ్చింది. కష్టమైంది బాపుకే. "పిల్ల పిలుస్తాంటే పలకకుంట ఎట్లుంటర్రా?" అని నా మీద కోప్పడ్డాడు. అయినా నేర్చుకున్నాడు. రోజుకు ఒక్క జవాబు దాకా వచ్చాం. ఆ తర్వాత అదీ లేకుండా ఒక ఉదయం.

ఆ ఉదయం అఖిల ఒక్కసారే అడిగింది. బాపు పలకలేదు. తల వంచుకుని నేస్తూనే ఉన్నాడు. ఆమె ఏడుస్తూనే బడికి పోయింది.

మధ్యాహ్నం మగ్గం మీదే బాపు గుండె ఆగిపోయింది.

డాక్టరమ్మ చెప్పింది తప్పు కాదు. ఆమె వైద్యానికీ బాపు గుండెకూ సంబంధం లేదు. ఈ మాట అఖిలకు ఎన్నో రకాలుగా చెప్పాను. ఆమె మాట్లాడడమే మానేసింది.

దినాలు అయిపోయాక, ఒక మిట్టమధ్యాహ్నం. అమ్మ బజారుకు పోయింది. కరెంటు లేదు. అందువల్ల వాడలో మరమగ్గాల చప్పుడు లేదు, ఏ ఇంట్లోనూ టీవీ మోగడం లేదు. నేను ముందు గదిలో ఉన్నాను. వెనక నుంచి అఖిల గొంతు వినిపించింది. "బాపూ, ఉన్నవా?"

ఆపుదామని లేచాను. అప్పుడే జవాబు వచ్చింది.

"ఇగ అడగకు బిడ్డా."

బాపు గొంతే. మాటకు ముందు గొంతు సవరించుకోవడంతో సహా. అది మనిషి నిలబడే ఎత్తు నుంచి రాలేదు. గుంటలో కూర్చున్నవాడు పలికినట్టు కింది నుంచి వచ్చింది. పరుగెత్తి చూశాను. అఖిల గుమ్మంలో ఉంది. గుంట ఖాళీ. దొడ్డి తలుపుకు లోపలి గడియ పెట్టే ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నా జేబులోనే ఉంది. మేమిద్దరం ఒకరితో ఒకరం ఏమీ అనుకోలేదు.

తర్వాత దవాఖానకు పోయినప్పుడు అఖిల తనంతట తానే ఈ సంగతి చెప్పింది. డాక్టరమ్మ నన్ను విడిగా పిలిచింది. పోయినవాళ్ల గొంతు వినిపించడం దుఃఖంలో మామూలేననీ, అదొక్కటే అయితే మందులు వద్దనీ అంది. వేరే జబ్బేదైనా మొదలవుతోందా అన్నది తేల్చుకోవడానికి, ఇంట్లో అఖిల ఎలా ఉంటోందని నన్ను అడిగింది.

"నేను గూడ విన్న మేడం" అన్నాను.

ఏం విన్నారంది. చెప్పాను. అఖిల కూడా అదే మాట చెప్పిందంది.

"ఇద్దరు ముందే మాట్లాడుకున్నరా?"

"లేదు మేడం."

"మీరు మంచిగ నిద్రపోతున్నరా?" అంది.

కానివన్నీ తీసేస్తూ వచ్చాను. చివరికి దుఃఖం ఒక్కటే మిగిలింది. దుఃఖమే అయితే మేం వినాలనుకున్నది "ఉన్న బిడ్డా" అనే కదా. ఇద్దరం కోరుకోని మాట ఇద్దరికీ ఒకేసారి ఎలా వినిపించిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అఖిల మళ్లీ అడగలేదు. వేళకు బడికి పోతోంది. డాక్టరమ్మ సంతోషించింది. సంగతి తెలిసినప్పటి నుంచి అమ్మే కుదురుకోలేదు. బాపు గొంతు వినిపించిన మధ్యాహ్నం తను ఇంట్లో లేకపోవడం ఆమెను తినేస్తోంది. మొన్న పొద్దున అఖిల బ్యాగు తగిలించుకుంటుంటే వచ్చి అడ్డంగా నిలబడింది.

"ఒక్కసారి అడుగు బిడ్డా. ఒక్కసారే. నేను గూడ వింట."

అమ్మను ఆపాలో వద్దో నాకు తెలియలేదు.

అఖిల అమ్మ భుజాలు పట్టుకుని మెల్లగా పక్కకు జరిపింది. "వద్దన్నడు గదనే అమ్మా" అని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.