అప్పలరాజు విజయం

సముద్రంలో పడవ బోల్తా కొట్టించినవాళ్ళు మా ఊళ్ళో పదిమంది దాకా ఉంటారు. వాళ్ళందరికీ గాలి అనో, అల అనో, ఇంజను అనో ఏదో ఒక సాకు ఉంది. గాలీ నీళ్ళూ రెండూ లేని చోట, తుఫాను షెల్టర్‌లో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని, ఊరు ఊరంతా చూస్తుండగా ఒక నౌకాదళాన్ని మొత్తం నాశనం చేసిన మొనగాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ దళం శత్రువుది కాదు, నాది. ఎలా జరిగిందో చెబుతాను, మొహమాటపడకుండా నవ్వుకోండి. మా ఊరివాళ్ళు నవ్వగా మిగిలిందే మీకు వడ్డిస్తున్నాను.

మాది భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. విజయనగరంలో పాలిటెక్నిక్ పూర్తిచేసి, ఉద్యోగం వెతుక్కుంటున్నానని ఇంట్లో చెప్పి, రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాణ్ణి. చేపల వేటకి వెళ్ళే ఇంట్లో పుట్టానే గాని పడవెక్కితే నాకు వాంతులు. మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ చేపలు పట్టలేదు సరికదా, చేపలకి నేనే ఫలహారం పెట్టి వచ్చాను. దాంతో ఊళ్ళో నాకు "ఒడ్డు అప్పలు" అని పేరు పడింది. మా ఊళ్ళో మగాణ్ణి ఒడ్డు మనిషి అనడం కంటే చెంప మీద కొట్టడం నయం. పైకి నవ్వేసేవాణ్ణి గాని లోపల మండిపోయేది.

ఆ మంట చల్లార్చుకోవడానికి దొరికిందే ఆ ఆట. అంతరిక్షంలో ఓడల యుద్ధం. నీకు వంద పాయింట్లు ఇస్తారు. వాటితో పెద్ద ఓడలు కొనుక్కుంటావో, చిన్నవి కొనుక్కుంటావో నీ ఇష్టం. ఆ తర్వాత ఒక్కో ఓడలో ఉన్న కంప్యూటర్ బుర్రకి ముందుగానే ఆజ్ఞలు రాసిపెట్టాలి. మొదట ఏం చెయ్యాలి, తర్వాత ఏం చెయ్యాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి, అన్నీ వరసగా. ఎదుటివాడి స్థావరాన్ని ముందు పట్టుకున్నవాడిదే గెలుపు. యుద్ధం మొదలయ్యాక చేతులు కట్టుకుని చూడటమే తప్ప వేలు పెట్టడానికి లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంటా రచ్చా రెండూ గెలవలేనివాడికి ఆకాశం ఉండనే ఉంది కదా!

అది వేసవి, వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఇసక మీద బోర్లా పడుకున్నాయి. మగవాళ్ళంతా షెల్టర్ నీడలో వలలు బాగుచేసుకుంటూ, జీడిపిక్కలు కాల్చుకు తింటూ కాలక్షేపం చేస్తున్నారు. మా అమ్మ తమ్ముడు ఎర్రయ్య మావ ఆ ఏడే కొత్త పడవ చేయించాడు. నిషేధం ఎత్తేసిన రోజున దానికి మొదటి వేట. ఆ రోజు చుక్కాని పట్టుకుని నేను ఊరి ముందు నుంచి వెళ్ళానంటే "ఒడ్డు అప్పలు" అన్న పేరు ఆ ఒడ్డునే రాలిపోతుంది. తెగించి అడిగేశాను.

"మావా, కొత్త పడవ సుక్కాని మొదటి రోజు నాకియ్యి."

మావ వల కుట్టడం ఆపి ఎగాదిగా చూశాడు. "నీకా? ఉయ్యాలెక్కితేనే కళ్ళు తిరుగుతాయి గదరా నీకు!"

"అలగనకు మావా. ఆకాశంలో నలభై ఓడలు నడిపినోణ్ణి."

"ఆకాశంలోనా? ఎప్పుడెల్లావురా? మా అక్క నాకు సెప్పనేదే!"

పక్కనే ఉన్న రత్నం కిసుక్కున నవ్వింది. రత్నం అంటే మావ కూతురు, నాకు మరదలు. డిగ్రీ చదువుతోంది. పడవలు వచ్చే వేళకి ఒడ్డున ఫోను పట్టుకుని నిలబడి, ఎవరు ఎక్కడున్నారో, ఎవరి వల నిండిందో, ఎవరి ఇంజను మొరాయించిందో కనుక్కుని ఆడవాళ్ళకి చెప్పడం చిన్నప్పటి నుంచీ దాని పని.

"అయ్యా, అది కంప్యూటర్లో ఆట. ఓడలు వాటంతటవే కొట్టుకుంటాయి. బావ కుర్సీలో కూకుంటాడు" అంది.

"కూకునే పనేనా? అయితే మనోడికి సరిపోతాది" అన్నాడు మావ.

షెల్టర్ గొల్లుమంది. నాకు రోషం నెత్తికెక్కింది. "అంత వీజీ అయితే దీన్ని ఆడి గెలవమను మావా, సూద్దాం!" అనేశాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి ఊరు మొత్తం చెడింది.

మావకి ముచ్చటేసింది. "అలాగే కానీ. నువ్వు గెలిస్తే సుక్కాని నీది."

"మరి నాను గెలిస్తే?" అంది రత్నం.

"నీకేటి కావాల?"

"పడవకి పేరు నాను పెడతాను."

"సరే!"

వారం గడువు పెట్టుకున్నాం. దానికి ఆట రాదు కాబట్టి నేర్పవలసిన బాధ్యత నా మీదే పడింది. నేర్పాను కూడాను, శ్రద్ధగా. కత్తి నూరి, చేతికిచ్చి, మెడ సరిగ్గా అందుతోందా లేదా అని అడిగి మరీ వంగినవాణ్ణి.

పందెం రోజు సాయంత్రం షెల్టర్ కిటకిటలాడింది. తుఫాను వార్తల కోసం గోడకి బిగించిన పెద్ద టీవీకి మా ల్యాప్‌టాప్‌లు తగిలించాం. ముందు నా దళాన్ని చూపించాను. కొండంత యుద్ధనౌకలు మూడు. వాటికి ఉరుము, మెరుపు, పిడుగు అని పేర్లు పెట్టాను. వంద పాయింట్లలో మూడు మిగిలితే, ముందు వెళ్ళి దారి చూడటానికి ఒక చిన్న ఓడ తీసుకున్నాను. దానికి ఏ పేరు పెట్టానో తెలుసా? "అప్పలరాజు విజయం." అప్పలరాజు నా పూర్తి పేరు. విజయం ఎవరిదో మీకే తెలుస్తుంది.

"ఏటిరా ఇది? ఏనుగులు మూడు, ఎలక ఒకటి" అన్నాడు మావ.

"సూస్తుండు మావా" అని ఆజ్ఞలు చదివి వినిపించాను. మొదటి ఆజ్ఞ, సాటి ఓడకి దెబ్బ తగిలితే అన్ని పనులూ మానేసి వెళ్ళి ఆదుకోవాలి. రెండోది, తనకి దెబ్బ తగిలితే ఇంటిదారి పట్టాలి. మూడోది, శత్రువు కనబడితే కొట్టాలి. యుద్ధంలో శత్రువుని కొట్టడం మూడో పనేమిట్రా అని మీకు అనుమానం వచ్చింది కదూ? నాకు రాలేదు. పైగా లేచి నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. "సముద్రం మీద సాటి పడవని వదిలేసి వచ్చినోడు మన ఊళ్ళో ఉన్నాడేటి? నా ఓడలకి కూడా మన ఊరి ధర్మమే నేర్పాను!"

చప్పట్లే చప్పట్లు. మావ మాత్రం కొట్టలేదు, చెవి గోక్కున్నాడు. నేను దాన్ని అసూయ అనుకున్నాను.

రత్నం దళం చూస్తే జాలేసింది. మిడతల్లాంటి చిన్న ఓడలు పదిహేను, మరమ్మతు ఓడలు రెండు. దాని ఆజ్ఞలూ వింతగానే ఉన్నాయి. దెబ్బతిన్న ఓడ దగ్గరికి, దగ్గర్లో ఉన్న మరమ్మతు ఓడ ఒక్కటే వెళ్ళాలి. మిగతావి ఎక్కడి పని అక్కడే చూసుకోవాలి.

"ఒసే, ఇంత రాతి గుండేటే నీది? సాటి పడవ మునిగిపోతంటే సూస్తూ కూకుంటారేటి?" అన్నాను.

"మూడుసార్లు వేటకెల్లినోడివి. నీకే తెలాల బావా" అంది, తొణక్కుండా.

యుద్ధం మొదలైంది. తెర మీద ఇంగ్లీషులో వచ్చే కబుర్లని రత్నమే ఊరికి తెలుగులో చదివి చెబుతోంది. నా చిన్న ఓడ హుషారుగా ముందుకి ఉరికింది. ఎదుటి నుంచి ఒకే ఒక్క గుండు వచ్చి దాని తోక గీరింది.

"అప్పలరాజు విజయానికి దెబ్బ తగిలింది" అని చదివింది రత్నం.

నవ్వులు.

"అప్పలరాజు విజయం ఎనక్కి తిరిగింది."

మళ్ళీ నవ్వులు. "పర్నేదు, అసలు ఓడలు ఎనకాల ఉన్నాయి" అన్నాను. ఉన్నాయి నిజమే. మొదటి ఆజ్ఞ గుర్తుందా? ఉరుము, మెరుపు, పిడుగు మూడూ ఫిరంగులు ఆపేసి, శత్రువుకి వీపు తిప్పి, ఆ ఎలకపిల్లని ఆదుకోవడానికి పరుగెత్తాయి. కొండలు గిరుక్కున తిరగాలంటే జాగా కావాలి. ఉరుము తిరుగుతూ తిరుగుతూ మెరుపుని ఒక్క గుద్దు గుద్దింది.

మెరుపుకి దెబ్బ తగిలింది కాబట్టి పిడుగు దాన్ని ఆదుకోవడానికి వచ్చి ఇద్దరినీ గుద్దింది. ఉరుముకి మెరుపు సాయం, మెరుపుకి పిడుగు సాయం, పిడుగుకి ఉరుము సాయం. ఒకరినొకరు ఆదుకుంటూ, ఆదుకున్న ప్రతిసారీ ఒక రెక్క విరగ్గొట్టుకుంటూ, మూడూ ఒకేచోట గానుగెద్దుల్లా తిరగడం మొదలుపెట్టాయి.

"ఒరే అల్లుడూ, ఇవి కొట్టుకుంటన్నాయా, కౌగిలించుకుంటన్నాయా?" అన్నాడు మావ.

"ఆపండి! కరెంటు తీసేయండి!" అని అరిచాను.

"కూకోరా. నీ ఓడలు ఎంత మంచోళ్ళో కళ్ళారా సూడనీ."

రత్నం మిడతలు గుండు పేల్చడం కూడా మానేశాయి. ఆ దొమ్మీ పక్కనుంచి, సంతకి పోతున్న ఆడవాళ్ళలా వరసగా, తీరిగ్గా వెళ్ళి నా స్థావరం మీద వాలాయి. ఆట అయిపోయింది. శత్రువు వల్ల నాకు జరిగిన నష్టం తోక మీద ఒక గీత. మిగతాదంతా మా వాళ్ళ మంచితనం.

నవ్వులాట సంగతి అలా ఉంచండి. ఆ సాయంత్రం నేను పడవల వెనక్కి వెళ్ళి నిజంగానే ఏడ్చాను. ఆటలో ఓడినందుకు కాదు. ఇక జన్మంతా ఒడ్డు అప్పలుగానే ఉండిపోతానని. కాసేపటికి మావ వచ్చి పక్కన ఇసకలో కూర్చున్నాడు.

"సుక్కాని ఇయ్యను. కానీ మొదటి రోజు పడవలో నువ్వుండాల" అన్నాడు.

"ఎందుకు మావా?"

"నీళ్ళు తోడ్డానికి."

అది కూడా ప్రేమేనని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఒళ్ళు మండింది.

నిషేధం ఎత్తేసే ముందురోజు ఇంజను సామాన్ల కోసం నన్ను విజయనగరం పంపించారు. మర్నాడు తెల్లవారుజామున వచ్చి చూసేసరికి పడవ ముందుభాగమంతా బంతిపూల దండలతో మూసేసి ఉంది. రత్నం ఏం పేరు పెట్టిందని అడిగితే అందరూ ఆకాశంలోకి చూశారు. గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి, పడవని నీళ్ళలోకి తోశాం. చుక్కాని మావ చేతిలో, నీళ్ళు తోడే డబ్బా నా చేతిలో. వల తాడు జారిపోకుండా చూసే పని కూడా నాదే.

గంట గడిచిందో లేదో నా కడుపు తన పాత అలవాటు గుర్తు చేసుకుంది. తాడు వదిలేసి, పడవ ముందుకి పాక్కుంటూ వెళ్ళి అంచు మీద వంగాను. అలల దెబ్బకి దండలన్నీ ఎప్పుడో కొట్టుకుపోయాయి. నా ముక్కుకి జానెడు దూరంలో, తలకిందులుగా, ఎర్ర రంగు అక్షరాలు.

అప్పలరాజు విజయం.

ఆ పేరు మీదే వాంతి చేసుకున్నాను. ఈ లోపల నేను వదిలేసిన తాడు నీళ్ళలోకి జారి ఇంజను రెక్కలకి చుట్టుకుంది. ఇంజను దగ్గి, ఆగిపోయింది. మావ నన్ను తిట్టలేదు. లేచి నిలబడి, సాయం కావాలన్నట్టు తువ్వాలు గాల్లో ఊపాడు. చుట్టుపక్కల ఇరవై పడవలున్నాయి. దగ్గర్లో ఉన్న పడవ ఒక్కటి మా వైపు తిరిగింది. మిగతావాళ్ళు చెయ్యెత్తి చూశామన్నట్టు ఊపి, మళ్ళీ తమ వలల మీదకి వంగారు.

"మిగతావోళ్ళు రారేటి మావా?" అన్నాను, నోరు తుడుచుకుంటూ.

"అందరూ ఇక్కడికొస్తే వలలు ఎవడు సూస్తాడు? దగ్గరున్నోడొకడు వస్తాడు, మిగతావోళ్ళు కనిపెట్టుకుని ఉంటారు. అదిరా మన ధర్మం. నువ్వు ఒడ్డు మీద కూకుని సగమే ఇన్నావు."

డబ్బా పట్టుకుని కూలబడిపోయాను. నేను మూడుసార్లు సముద్రం మీదికి వెళ్ళీ తలెత్తి చూడనిదాన్ని, రత్నం ఒడ్డు మీద ఫోను పట్టుకునే నేర్చుకుంది.

ఆ పడవ మాకు తాడు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చింది. ఊరంతా అక్కడే ఉంది. అందరికంటే ముందు రత్నం. మా పడవ మీది అక్షరాలు ఎండలో ధగధగ మెరుస్తున్నాయి. అది రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, షెల్టర్‌లో చదివిన గొంతుతోనే అరిచింది.

"అప్పలరాజు విజయాన్ని తాడు కట్టి లాక్కొస్తన్నారు!"

ఆ రోజు నుంచి నన్ను ఒడ్డు అప్పలు అన్నవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడు నా పేరు "తాడు అప్పలు".

అందుచేత, తూర్పు సముద్రం సాక్షిగా, మావ తువ్వాలు సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నీటి మీద గాని, నింగిలో గాని, రత్నాన్ని అడక్కుండా ఏ ఓడకీ ఆజ్ఞ ఇవ్వను. నా పేరు పక్కన విజయం అన్న మాట ఇంకెక్కడా రాయించను. మా పెళ్ళి శుభలేఖలో పంతులుగారు "విజయోస్తు" అని రాయబోతే అది కూడా కొట్టేయించాను. అవును, రత్నాన్నే చేసుకున్నాను. ఏటా నిషేధం రోజుల్లో ఆ పడవ మీది అక్షరాలు వెలిసిపోతే మళ్ళీ ఎర్ర రంగు పూసేది నేనే. రంగు డబ్బా పట్టుకుని పక్కన నిలబడి, "ఒత్తు సరిగ్గా దిద్దు బావా, దూరం నించి కనబడాల" అనేది అది.