మజ్జిగ గొప్పదా, సొరకాయ గొప్పదా

మొన్న పొద్దున్నే జగ్గయ్యపేట నుంచి మా చెల్లెలు ఫోనుకి ఒక మెసేజ్ పంపింది. ఒక పక్క గ్లాసుడు మజ్జిగ బొమ్మ, ఇంకో పక్క లేత సొరకాయ బొమ్మ, మధ్యలో గీత గీసి దేంట్లో మాంసకృత్తులు ఎక్కువ, దేంట్లో పీచు ఎక్కువ, ఎండాకాలం ఒంటికి ఏది చలవ అంటూ రంగురంగుల అక్షరాల్లో ఒక పట్టిక. కింద తను సొంతంగా ఒక ముక్క రాసింది, సైన్సు టీచరమ్మవి కదా, ఏది మంచిదో నువ్వే చెప్పవే అక్కా అని. రెండూ మంచివేనమ్మా అని రాసి పంపేసి ఫోను బల్ల మీద పెట్టాను. పెట్టానే గానీ ఆ రోజంతా ఒక చోట కుదురుగా కూర్చోలేకపోయాను. నందిగామలో మా ఇల్లు మూడు గదుల ఇల్లు, ముందు గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వాకిట్లోకి తిరిగిన దారినే తిరుగుతూ, పొయ్యి మీద పప్పు పెట్టి మర్చిపోయి, అడుగంటిన వాసన వస్తే గానీ తెలుసుకోలేదు. మా వారు పేపరు లోంచి తల ఎత్తి ఏమైందని అడిగారు. ఏమీ కాలేదని విసుక్కున్నాను.

ఏమైందో చెప్పాలంటే వత్సవాయి దగ్గర మా ఊరికి వెళ్ళాలి. మజ్జిగ సంగతి మన వయసు వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, అయినా చెబుతాను, ఎందుకంటే ఒకే మజ్జిగని ఊళ్ళో అందరం ఒకేలా తాగలేదు. పాడి ఉన్న రైతుల ఇళ్ళల్లో పొద్దున్నే కవ్వంతో చిలికి వెన్న తీసుకున్నాక, మిగిలిన మజ్జిగని అడిగిన వాళ్ళకల్లా ఉత్తినే పోసేవాళ్ళు. పాలు అమ్మేవాళ్ళు, నెయ్యి అమ్మేవాళ్ళు, మజ్జిగ మాత్రం అమ్మేవాళ్ళు కాదు, అమ్మితే ఆ ఇంటికి అంతకన్నా నామోషీ ఉండేది కాదు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు వంటింటి గుమ్మం దాకా వెళ్ళి తెచ్చుకునేవాళ్ళు. ఊరికి ఎడంగా పల్లెలో ఉండే మేము దొడ్డి వైపు గొడ్ల చావిడి దగ్గర నిలబడి గిన్నె కిందికి పట్టుకుంటే, పెద్దింటి అమ్మగారు పై నుంచి ధారగా పోసేవారు, గిన్నెకి గిన్నె తగలకుండా. చిన్నప్పుడు నాకదొక ఆటలా ఉండేది. ధార ఎటు వంగితే అటు గిన్నె జరుపుతూ చుక్క కింద పడకుండా పట్టుకోవడంలో మా పల్లెలో నా అంత నేర్పరి లేదని గొప్పలు చెప్పుకునేదాన్ని, ఇప్పుడు తలుచుకుంటే మాత్రం ఒళ్ళంతా చీమలు పాకినట్టు ఉంటుంది.

ఒక ఏడాది మిరప కోతలప్పుడు కూలి పెంచమని పల్లె వాళ్ళంతా కలిసి అడిగితే, ముందు నిలబడి మాట్లాడింది మా నాన్న. పెద్దింటి ఆసామి నలుగురిలో ఆయన్ని ఒక మాట అన్నాడట, మా మజ్జిగ తాగి పెరిగిన ఒళ్ళు మీవి, మాకే ఎదురు తిరుగుతున్నారా అని. ఆ సాయంత్రం నాన్న ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే చెప్పేశాడు, ఇవాళ్టి నుంచి ఆ ఇంటి మజ్జిగ మన గుమ్మం లోపలికి రాకూడదని. వేరే ఇళ్ళు లేవా అని అమ్మ అంటే, ఎవరి గుమ్మమైనా చెయ్యి చాపడం చాపడమే అన్నాడు. మర్నాటి నుంచి పనికి కూడా పక్క ఊరి రైతుల పొలాలకి పోవడం మొదలుపెట్టాడు.

తర్వాత వానలు పడగానే ఇంటి పక్కన సొరవిత్తు పెట్టాడు. ఆ తీగ ఏం పట్టుదలతో పుట్టిందో గానీ తాటాకు కప్పంతా అల్లుకుని విరగకాసింది. ఇక మా ఇంట్లో రోజూ సొరకాయే, పప్పులో సొరకాయ, పులుసులో సొరకాయ, తొక్కు పారేయకుండా దాంతో పచ్చడి. తినే ముందు ప్రార్థన చేసుకున్నాక నాన్న ఆ కూర చూపించి నాకూ చెల్లెలికీ పాఠం చెప్పేవాడు. అసలు బలమంతా దీంట్లోనే ఉంది, ఎండా వానా మట్టీ అన్నీ నేరుగా తాగి పెరిగిన కాయ, మజ్జిగలో ఏముంది, వెన్నంతా వాళ్ళు తీసుకున్నాక మిగిలిన నీళ్ళే కదా అనేవాడు. అమ్మ ఊరుకునేది కాదు. నీళ్ళే అయినా పాల నీళ్ళు, నీ సొరకాయవి వట్టి నీళ్ళు అనేది. ఆహారంలో ఏ గుణం ఎంతుందో పోల్చి చూడటం నేను బి.ఎస్సీ.లో నేర్చుకున్నానని అందరూ అనుకుంటారు. కాదు, ఆ కూటి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. అప్పటికి అదంతా మాకు నవ్వులాటే.

ఆ శీతాకాలం చెల్లెలికి కామెర్లు వచ్చాయి. అప్పటికి అది ఇంకా బడికి కూడా పోవడం లేదు. కళ్ళు పసుపు పచ్చగా అయిపోయి, ఏది పెట్టినా వాంతి చేసుకుంటూ, నా ఒళ్ళో వాలిపోయి పడుకునేది. నాన్న దాన్ని భుజాన వేసుకుని బస్సులో జగ్గయ్యపేట తీసుకెళ్ళాడు. నూనె, కారం లేకుండా పిల్ల ఏది తినగలిగితే అది పెట్టండి, ఏదో ఒకటి లోపల నిలవాలి, నిలవకపోతే మనిషి దక్కడం కష్టం అని అక్కడి డాక్టరు గారు చెప్పి పంపారు. ఉప్పు లేకుండా ఉడికించిన సొరకాయ నాన్న తన చేత్తో మెదిపి పెట్టాడు, అది నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. గంజి పోస్తే కక్కేసింది. మజ్జిగన్నం, మజ్జిగన్నం అని ఒకటే కలవరింత. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న కప్పు మీది తీగ వైపు చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే నాన్న రెండు లేత కాయలు కోసి చంకన పెట్టుకుని, గిన్నె నాకిచ్చి, పద అన్నాడు. నాకు ఎంత సంతోషమో, నాన్న దారిలో పడ్డాడనుకున్నాను. మాట పడిన చోటే తేల్చుకోవాలనుకున్నాడేమో, పెద్దింటి దొడ్డి గుమ్మం దగ్గరే ఆయన కాయలు అరుగు మీద పెట్టి, ఇవి తీసుకుని కాస్త మజ్జిగ పోయండమ్మా అన్నాడు. అమ్మగారి ముఖం ఎర్రబడిపోయింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, ఆ మాట ఇక్కడే చెప్పాలి. పండగకీ పబ్బానికీ మా అమ్మకి చీరలు పెట్టిన మనిషి. కానీ ఆమె పుట్టి పెరిగిన ఇళ్ళల్లో మజ్జిగకి బదులు ఏదైనా పుచ్చుకోవడమంటే ఆ ఇంటి పరువు అంగట్లో పెట్టడమే.

"ఏరా, మజ్జిగ అమ్ముకుని బతికే గతి పట్టిందనుకున్నావా మా కొంపకి? ఆ కాయలు తీసెయ్, ఎంత కావాలంటే అంత పట్టుకుపో."

"ఊరికే తాగితే రేపు మళ్ళీ ఎవురో ఒకరు ఆ మాట ఎత్తుతారమ్మగారూ. కాయలు తీసుకుంటేనే పోయండి."

ఊరికే తప్ప పోయనని ఆవిడ, ఊరికే అయితే వద్దని ఈయన. మధ్యలో నేను ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడ్డాను. చావిడిలో గేదెలు గడ్డి నములుతున్నాయి. వెనక్కి వచ్చేటప్పుడు నాన్న అంత వేగంగా నడిచాడంటే నేను పరిగెత్తాల్సి వచ్చింది.

అమ్మ ఏడవలేదు. కాయల్ని చూసింది, గిన్నెని చూసింది, నాన్న ఎదురుగా నిలబడి, పిల్ల చచ్చిపోతే సమాధి మీద నాటు నీ సొరపాదు, బాగా కాస్తది, అంది. నాన్న లోపలికి వెళ్ళి చెల్లెలి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు, బయటికొచ్చాడు, మళ్ళీ లోపలికి వెళ్ళాడు, మళ్ళీ బయటికొచ్చాడు. నాకు ఈ తిరుగుడు ఎక్కడి నుంచి వచ్చిందని మా వారు వేళాకోళం చేస్తుంటారు. పొద్దెక్కేదాకా అలా తిరిగి తిరిగి, చివరికి మూల నున్న గిన్నె తనే తీసుకుని వెళ్ళాడు. ఈసారి నన్ను రమ్మనలేదు. వద్దనీ అనలేదు కనక వెనకే వెళ్ళాను.

ఆయన ఆ దొడ్డి గుమ్మం దగ్గర నిలబడి, పిలవలేక, ఒకసారి దగ్గాడు. అమ్మగారు బయటికొచ్చి ఆయన చేతులు చూశారు. వాటిలో గిన్నె తప్ప ఏమీ లేదు. మా నాన్న అంత పొడుగు మనిషి నడుం వంచి, గిన్నె కిందికి పట్టుకుని, తల పక్కకి తిప్పుకుని నిలబడటం నా జన్మలో ఆ ఒక్కసారే చూశాను. ఆవిడ మజ్జిగ కుండ తెచ్చారు. పై నుంచి ధారగా పోయలేదు. ఏమనిపించిందో తెలియదు, ఆవిడా వంగి, కుండ మూతి మా గిన్నె అంచుకి ఆనించి నెమ్మదిగా వంచారు. మట్టి కుండ సత్తు గిన్నెని తాకిన చప్పుడు నాకు వినిపించింది.

తర్వాత ఆవిడ ఎటో చూస్తూ, ఆ కాయలేవిరా అని అడిగారు. ఇంటికాడ ఉన్నాయమ్మా అన్నాడు నాన్న. "రేపు పట్టుకురా, మా పిల్లలకి సొరకాయ పప్పంటే పేణం. దానికీ దీనికీ ఏం సమ్మంధం లేదు, తెలిసిందా?" అన్నారు. తెలిసిందన్నట్టు నాన్న తల ఊపాడు.

ఆ మధ్యాహ్నం చెల్లెలి కడుపులో మజ్జిగన్నం నిలిచింది. రోజూ పొద్దున్న కాయలు అటు వెళ్ళేవి, కాస్త ఆగి మజ్జిగ ఇటు వచ్చేది, రెండింటికీ సంబంధం లేనట్టే అందరం ఉండేవాళ్ళం. పిల్ల కోలుకుని వీధిలోకి పరిగెత్తాక నాన్న మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు. ఈ సంగతి దానికి చెప్పొద్దని మాత్రం నా దగ్గర మాట తీసుకున్నాడు. తన కోసం ఎవరైనా తల వంచారని తెలిస్తే పిల్ల తల ఎత్తుకోలేదని ఆయన భయం.

టీచరుగా నేను పిల్లలకి ఎన్నో ఏళ్ళు పోషకాహారం పాఠం చెప్పాను. సొరకాయలో చాలా వరకు నీళ్ళు, మజ్జిగలోనూ చాలా వరకు నీళ్ళే. మజ్జిగలో కాస్త మాంసకృత్తులూ ఎముకలకి పనికొచ్చే కాల్షియమూ ఎక్కువ, సొరకాయలో కాస్త పీచు ఎక్కువ, అంతే తేడా. ఈ పాఠం వచ్చినప్పుడల్లా సుద్దముక్క కింద పెట్టి కిటికీ దాకా వెళ్ళి వచ్చేదాన్ని. ఇన్ని నీళ్ళకీ అన్ని నీళ్ళకీ మధ్య ఒక పసిపిల్ల ప్రాణం ఊగిసలాడిందని ఏ పుస్తకంలో రాస్తారు?

నాన్న ఆఖరి ఏళ్ళు నా దగ్గరే ఉన్నాడు. ఎండాకాలం వడ కొట్టకుండా మజ్జిగ తాగమని ఎంత బతిమాలినా ముట్టేవాడు కాదు, సొరకాయ కూర చేయమ్మా, బలమంతా దాంట్లోనే ఉంది అనేవాడు. నీ ఇంటి మజ్జిగే కదా నాన్నా అంటే నవ్వి అవతలకి తిరిగేవాడు. ఇష్టం లేక కాదు. ఒకసారి నా మనవడు తాగి పెట్టిన గ్లాసు ఎత్తి వాసన చూసి, మళ్ళీ జాగ్రత్తగా అక్కడే పెట్టడం నా కళ్ళతో చూశాను.

ఇప్పుడు హైవే పక్కన ఏ కొట్టుకి వెళ్ళినా చల్లటి మజ్జిగ ప్యాకెట్లు వేలాడుతున్నాయి. మజ్జిగ కూడా అమ్ముకునే కాలం వచ్చింది చూడండి అని మన వయసు వాళ్ళు నొచ్చుకుంటుంటారు. నేనూ వాళ్ళతో పాటు తల ఊపుతాను, కుండ అంచు గిన్నె అంచుకి ఆనించిన ఆ చెయ్యి లాంటిది ఈ కొట్లలో దొరకదని నాకూ తెలుసు. కానీ లోపల మాత్రం వేరే మాట తిరుగుతూ ఉంటుంది. ఎవరినీ అడగకుండా, దేనికీ వంగకుండా, ఎవరివాడవని ఎవరూ అడగని చోట, పట్టపగలు రోడ్డు మీద నిటారుగా నిలబడి, మా నాన్న తనకెంతో ఇష్టమైన మజ్జిగ తాగగలిగే రోజు వచ్చింది. ఆయనే లేడు.