అటు వాలిన గీత

మా ఆయన పోయిన రెండో ఏడు నాకు ఆయన గొంతు మరుపున పడింది. ముఖానికేం, గోడ మీద ఫోటో ఉంది. నడక గుర్తుంది, దగ్గు గుర్తుంది. గొంతే పోయింది. నేను పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి మధ్యాహ్నం కాస్త కునుకు తీస్తే చాలు, కలలోకి వచ్చి మంచం అంచున కూర్చునేవాడు. పెదాలు కదిలేవి. మాట వచ్చేది కాదు. "జర గట్టిగ చెప్పు" అని అడిగేదాన్ని. మళ్ళీ కదిపేవాడు, అంతే. మెలకువ వచ్చాక చూస్తే, గదిలో ఎవరో అప్పటిదాకా మాట్లాడి ఆపినట్టుండేది.

ఉప్పల్‌లో ఆయనకు డీటీపీ షాపు ఉండేది. పెళ్ళి పత్రికలు, బయోడేటాలు టైపు చేసేవాడు. ఒక ఆదివారం కంప్యూటర్ ఇంటికి తెచ్చి, కొత్త మైకు తగిలించి ఏదో రికార్డు చేశాడు. "నీ పేరు మీద దాచిన" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నా పేరు ఆయన నోట ఎన్నడూ వినలేదు నేను. ఆయనకు నేను "ఓయ్", నాకు ఆయన "ఇగో". షాపు తీసేశాక కంప్యూటర్ పోయింది. ఆయన తన ఫైళ్ళన్నీ ఒకే మూటగా కట్టి పెట్టుకున్న సీడీ ఒకటి మిగిలింది.

మా మేడ మీది గదిలో ఆంధ్రా అమ్మాయి అద్దెకుండేది. పోచారంలో కంప్యూటర్ ఉద్యోగం. తెలంగాణ బంద్ నాడు కంపెనీ బస్సు రాక ఇంట్లోనే ఉంటే, సీడీ పట్టుకుని పైకి వెళ్ళాను.

"ఏంటి ఆంటీ, పాటలా?"

"మీ అంకుల్ గొంతు ఉన్నదంట బిడ్డా. నా పేరు మీద పెట్టిండు. జర సూడు."

సీడీ తన కంప్యూటర్‌లో పెట్టి, అందులోని ఫైళ్ళ మూట విప్పింది. వందల ఫైళ్ళు. ఒక్కోదాని పేరు విడదీసి, అచ్చంగా నా పేరే అయినది ఏదో వెతకమని కంప్యూటర్‌కు ఏదో రాసిచ్చింది.

"లేదు ఆంటీ."

"మల్ల సూడు."

"మూడుసార్లు చూశాను. చెరిపేశారేమో."

నేనే తెర దగ్గరికి జరిగాను. తెర మీద బారులు బారులుగా ఇంగ్లీషు. నాకు చదువు రాదు. కానీ నాచారంలో మందుల కంపెనీలో డబ్బాలకు లేబుళ్ళు అతికించేదాన్ని. ఒక్క గీత తేడా ఉన్నా ఆ డబ్బా పక్కన పెట్టాలి. దానికి చదవక్కర్లేదు, చూస్తే చాలు. నా పేరు ఇంగ్లీషులో ఎట్లా ఉంటుందో గేటు కార్డు మీద రోజూ చూసేదే.

"పైకి జరుపు బిడ్డా. ఇంక జర. ఆగు, గదే నా పేరు."

పొడుగాటి వరుస. దాని చివర నేను.

ఆ పిల్ల తెర మీదికి వంగింది. "అయ్యో, ఇక్కడ దారి మొత్తం ఉంది ఆంటీ. ఏ పెట్టె, అందులో ఏ సంచి, ఆ సంచిలో ఏ ఫైలు అని. చివరి గీత తర్వాత ఉన్నదే అసలు పేరు. అంకుల్ కంప్యూటర్‌లో ఆ గీత అటు వాలుతుంది, నా దాంట్లో ఇటు. నేనేమో నా గీత దగ్గర తెంపమన్నాను. అది ఎక్కడా కనబడక, దారంతా కలిపి ఒకటే పేరనుకుంది."

"గీతలల్ల గూడ రెండు రాష్ట్రాలేనా?"

"ఆ మాట బంద్ అంటూ బయట రోడ్డు మీద కూర్చున్నవాళ్ళని అడగండి" అని నవ్వింది.

"అయితే రెండు గీతల కాడ తెంపమను."

"అన్నిటికీ అలా చెప్పకూడదండీ. నా దాంట్లో అటు వాలిన గీత పేరులో మామూలు అక్షరంలా కూడా ఉండొచ్చు. అక్కడ తెంపితే పేరే ముక్కవుతుంది. ఈ మూట కట్టింది అంకుల్ మిషను కాబట్టి వీటిని దాని లెక్క ప్రకారమే చదవమంటాను."

ఒకటి రెండు వరుసలు కొట్టింది. తెర మీది బారులన్నీ పొట్టివైపోయాయి. దారులు రాలిపోయి పేర్లే మిగిలాయి. వాటి మధ్య నాది.

"పెట్టనా?"

తలూపాను.

ముందు ఫ్యాను చప్పుడు. కుర్చీ కిర్రుమంది. ఎక్కడో లోపలి నుంచి ఒక ఆడమనిషి, "అన్నం పెట్టిన, సల్లారుతది" అంది. అది నా గొంతేనని తెలియడానికి ఒక క్షణం పట్టింది. ఆ వెంటనే, చెవి పక్కనే నిలబడ్డట్టు, "వస్తున్న" అన్నాడు. ఒక్క మాటే. అందులో కొంచెం విసుగు. కుర్చీ వెనక్కి జరిగింది. నాలుగడుగులు. అక్కడితో ఆగిపోయింది.

"అంకులేనా?" అని మెల్లగా అడిగింది.

"ఆయనే."

"మళ్ళీ పెట్టమంటారా?"

వద్దన్నాను.

ఆ గొంతు నన్ను మళ్ళీ విడిచిపోలేదు. కానీ ఆ రోజు నుంచి అన్నం వడ్డించి ఎవరినీ పిలవను. మా తమ్ముడు వచ్చినా దగ్గరికి వెళ్ళి, భుజం తట్టి, లేవమంటాను. వంటింట్లో నిలబడి కేకేస్తే ముందు "వస్తున్న" అని ఎవరు పలుకుతారో నాకు తెలియదు.