ఇంజను విప్పే ముందు బిట్రగుంట దాకా

మా నాయన పాత కారుకు రెండో కార్బురేటరు తగిలించి, ట్రంకు రోడ్డు మీద దానికి ఎదురులేకుండా చేయాలన్నది నా పంతం. ఎలా చేయాలో మద్రాసు నుంచి తెప్పించుకున్న అణా కరపత్రాల్లో బొమ్మలతో సహా ఉంది. నెల్లూరులో మెకానిక్కు మస్తానన్న నా పక్కన కూర్చుని ఒక వీధి తిరిగి వచ్చి, "ఇంజనుకేం రోగం లేదబ్బయా, రోగం నీ కాలికుండాది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కరపత్రం అతని మొహం ముందు ఆడించాను.

"రేపు రామతీర్థం సముద్రం దాకా పోయొద్దాం. తోలడం వచ్చిందంటే ఇంజను నేనే విప్పుతా. రాలేదా, ఆ కాయితాలతో పొయ్యి రాజేసుకో" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి బయలుదేరాం. రెండు గ్యాలన్ల పెట్రోలుకు ఏడు రూపాయలైంది. పెన్న దాటి, కోవూరులో ఇడ్లీ తిని, విడవలూరు దారి పట్టాం. కాలవగట్టు వెంట మెలికలు తిరిగే రోడ్డది. కోతల రోజులు కాబట్టి సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. మస్తానన్న షరతు ఒక్కటే: మలుపులో బ్రేకు తొక్కకూడదు. వేగం ముందే తగ్గించి, గేరు మార్చి, మలుపు అవతలి కొసను చూస్తూ తిప్పాలి. మొదటి మలుపులోనే తొక్కాను. వెనక చక్రాలు జారి కారు వడ్లలోకి పోయింది.

ముసలి రైతు కర్రెత్తాడు. "మొలగొలుకుల వడ్లయ్యా అవి! గులకరాళ్ళనుకున్నావా?"

పోట్లాడబోయాను గాని తప్పు నాదే. చేతులతో గింజలు పోగుచేసి ఇచ్చేసరికి అరగంట పట్టింది. అక్కణ్ణుంచి మస్తానన్న "చూపు దూరంగా, చూపు దూరంగా" అంటూనే ఉన్నాడు. విడవలూరు దగ్గర పడేసరికి చక్రాలు నా మాట వినడం మొదలుపెట్టాయి.

రామతీర్థంలో చేపల లారీ ఇరుసు విరిగి పడి ఉంది. పక్కనే మూడు గంపల వంజరం చేపలతో, మస్తానన్న ఎరిగిన పోలమ్మక్క. పదిన్నరకు బిట్రగుంటలో మద్రాసు రైలుబండి అందకపోతే ఆమె ఇంటివాళ్ళ రెండు రాత్రుల వేట మట్టిపాలే. అప్పటికే తొమ్మిది దాటింది. మా కారులో చేరుస్తామన్నాడు మస్తానన్న.

"మస్తానన్నా, నువ్వు తోలు. ఈ పిల్లోడి చేతికి నా గంపలియ్యను."

"కారు అబ్బయ్యది. అబ్బయ్యే తోలతాడు."

"మురిగినాయంటే తెచ్చి నీ షెడ్డు ముందర పోస్తా, చూసుకో!"

మా నాయన మొహం తలుచుకుంటూనే గంపలు వెనక సీటుకెక్కించాను. అల్లూరు దారిలో ఒక మలుపుకు చాలా ముందే, అవతల అడ్డం తిరుగుతున్న ఎడ్లబండి కనిపించింది. వేగం తగ్గించి, గేరు దించి, మెత్తగా పక్కనుంచి దాటించాను. పొద్దుటి నేనైతే కాలవలో ఉండేవాణ్ణి.

బిట్రగుంటలో రైలింజను ఇంకా నీళ్ళు పట్టుకుంటోంది! గంపలు ఎక్కించి వచ్చి, పోలమ్మక్క ఒక వంజరం నా చేతిలో పెట్టింది. "ఒక్క చేపన్నా పక్కకు దొర్లలేదబ్బయా!"

మస్తానన్న మీసం దువ్వాడు. "రేపు షెడ్డుకు తీసుకురా. రెండో కార్బురేటరు తగిలిద్దాం."

"ముందు బ్రేకులు చూడన్నా. దానికేం తొందర?" అన్నాను. ఆ రోజు అతను నవ్వడం అదే మొదలు.

కరపత్రాలు అబద్ధం చెప్పలేదు. తోలడం వచ్చినవాడి కోసం రాసినవి అవి. నేను ఒక మెట్టు ఎగిరి దూకబోయాను. ఏ మరా మార్చని ఆ పాత కారే, ఆ పూట రైలును అందుకుంది. ఆ గర్వం నాకు ఇప్పటికీ తగ్గలేదు. మీరూ ఆ దారిన వెళ్ళేట్టయితే, కోతల కాలంలో వడ్లు పరచకముందే విడవలూరు దాటండి. దాటగలమన్న నమ్మకం లేకపోతే, కారులో ఒక చీపురు పెట్టుకోండి.